శిక్షను కోరని సాక్ష్యం: సీసీ మెక్‌డొనాల్డ్ జైలు లేఖలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో 2011లో దాడికి గురై, ఆ ఘర్షణలో జరిగిన మరణానికి జైలుశిక్ష అనుభవించిన నల్లజాతి ట్రాన్స్ మహిళ సీసీ మెక్‌డొనాల్డ్. జైలు నుంచి ఆమె రాసిన లేఖలను సాక్ష్య సాహిత్యంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. బాధితురాలు, నేరస్థురాలు అనే రెండు గుర్తింపులూ ఒకే వ్యక్తి మీద పడినప్పుడు సాక్ష్య కథనం ఎలా మారుతుందో, ఆ మార్పు కారాగార నిర్మూలన ఉద్యమ ఆలోచనకు ఎలా ఆధారమైందో ఇందులో చర్చించడం జరిగింది. రాజకీయ ఖైదీ చుట్టూ రూపొందిన తెలుగు జైలు సాహిత్య విమర్శకు ఈ లేఖలు వేసే ప్రశ్నలను చివరి భాగంలో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: జైలు సాహిత్యం, సాక్ష్య కథనం, ట్రాన్స్ ఉద్యమం, కారాగార నిర్మూలన, ఆత్మరక్షణ, శిక్ష.

1. ఉపోద్ఘాతం

తెలుగులో జైలు సాహిత్యానికి నూరేళ్ల చరిత్ర ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని వెల్లూరు జైలులో రాశారు. వరవరరావు జైలు నుంచి రాసిన వ్యాసాలు ‘సహచరులు’ పేరుతో వచ్చాయి. జాతీయోద్యమం నుంచి విప్లవోద్యమం వరకు జైలుకు వెళ్లిన రచయితలు కవిత్వం, లేఖలు, డైరీలు, నవలలు రాశారు. ఈ సాహిత్యాన్ని అంచనా కట్టిన విమర్శ సాధారణంగా ఒక నమ్మకం మీద నడిచింది. రాసేవాడు నేరస్థుడు కాడు; ఆశయం కోసం జైలుకు వెళ్లినవాడు. అతని రచనకు గల నైతిక బలం, పక్క బ్యారక్‌లో ఉన్న దొంగకు, హంతకుడికి అతడు భిన్నుడు కావడం నుంచి వస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు ఈ పరిధిని దాటి తోటి ఖైదీల జీవితాలను కథావస్తువుగా స్వీకరించాయి. అయితే ఆ కథల్లో కూడా సాధారణ ఖైదీ గురించి మరొకరు రాస్తారు. అతడు స్వయంగా కలం పట్టడు.

సీసీ మెక్‌డొనాల్డ్ లేఖలు ఈ విభజనలో ఇమడవు. ఆమె ఏదో ఒక పార్టీ కార్యకర్తగా అరెస్టు కాలేదు. ఒక మనిషి మరణానికి బాధ్యురాలిగా న్యాయస్థానం ముందు నిలబడి నేరాన్ని అంగీకరించారు. అదే సమయంలో ఆ రాత్రి మొదట దాడికి గురైనదీ, గాయపడినదీ ఆమే. చట్టం ఆమెను ఒకే గుర్తింపుతో జైలుకు పంపింది. లేఖలు రెండో గుర్తింపును నిలబెట్టాయి. ఆ క్రమంలో ‘నేను తప్ప మిగిలినవాళ్లు జైలులో ఉండదగినవాళ్లే’ అనే వాదాన్ని అవి ఆశ్రయించలేదు. ఈ రచనల విశిష్టత అక్కడే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. రెండు పారిభాషిక పదాలు

చర్చలోకి వెళ్లేముందు రెండు పదాలను స్పష్టం చేసుకోవలసి ఉంది. హింసకు గురైన స్త్రీని తెలుగు పత్రికలు, న్యాయపత్రాలు ‘బాధితురాలు’ అంటాయి. స్త్రీవాద ఉద్యమాలు ఈ మాటలోని నిస్సహాయతను ప్రశ్నించి, హింసను తట్టుకొని నిలబడటాన్ని సూచించే పదం కోసం వెతికాయి. ‘హింసను దాటి వచ్చినవారు’ అనే ప్రయోగం కొంత వాడుకలో ఉంది. అయితే దాటి రావడం అనేటప్పుడు హింస ముగిసిపోయిందనే అర్థం వస్తుంది. మెక్‌డొనాల్డ్ విషయంలో హింస వీధిలో మొదలై పోలీసు స్టేషన్, న్యాయస్థానం, జైలు వరకు రూపాలు మార్చుకొంటూ సాగింది. అందువల్ల ఈ వ్యాసంలో ‘హింసను తట్టుకొని నిలిచినవారు’ అనే ప్రయోగాన్ని స్వీకరించడమైనది.

రెండవది ‘నిర్మూలన’. జైళ్లు ఉండకూడదనే ఉద్యమాన్ని ‘జైళ్ల రద్దు ఉద్యమం’ అని అనువదించవచ్చు. కాని రద్దు ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో జరిగే పని. అమెరికాలోని ఈ ఉద్యమం తన పేరును బానిసత్వ నిర్మూలన పోరాటం నుంచి తెచ్చుకుంది. 1865లో ఆమోదం పొందిన పదమూడవ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని నిషేధిస్తూనే నేరానికి శిక్షగా విధించే నిర్బంధ చాకిరీని మినహాయించింది. ఆ మినహాయింపు వాకిలి గుండానే బానిసత్వం జైలులోకి ప్రవేశించిందని ఈ ఉద్యమం వాదిస్తుంది. యాంజెలా డేవిస్ 2003లో ప్రచురించిన పుస్తకంలో జైలు కాలం చెల్లిన వ్యవస్థ కాదా అని ప్రశ్నించారు. జైళ్లను మూయడంతో పాటు, అవి అవసరం కాని సమాజానికి కావలసిన బడి, వైద్యం, ఇల్లు, ఉపాధి నిర్మించడం కూడా ఆ పనిలో భాగమేనని చెప్పారు. ‘కుల నిర్మూలన’ అనే మాటతో పరిచయం ఉన్న తెలుగు పాఠకునికి ‘నిర్మూలన’లో ఈ విస్తృతి వెంటనే స్ఫురిస్తుంది. కులం ఒక ఉత్తర్వుతో పోయేది కాదని అంబేద్కర్ 1936లోనే వివరించారు. మూలాన్ని పెకలించాక ఆ నేలలో ఏం నాటాలన్నది ఆ మాటలోనే ఉన్న ప్రశ్న.

3. ఘటన – చట్టం రాసిన కథ

2011 జూన్ 5, అర్ధరాత్రి దాటిన వేళ. ఇరవై రెండేళ్ల మెక్‌డొనాల్డ్ స్నేహితులతో కలిసి సరుకుల దుకాణానికి నడిచి వెళుతున్నారు. దారిలో ఒక మద్యశాల బయట నిలబడినవాళ్లు వారి రంగును, ఆమె స్త్రీత్వాన్ని ఎత్తిచూపి దూషించారు. మాటల మధ్య ఒక స్త్రీ గాజు గ్లాసుతో మెక్‌డొనాల్డ్ ముఖం మీద కొట్టింది. చెంప చీలిపోయింది. ఆ గాయానికి పదకొండు కుట్లు పడ్డాయి. తోపులాట నుంచి బయటపడి వెళ్లిపోతున్న ఆమె వెంట ఒక పురుషుడు వచ్చాడు. ఆమె చేతిసంచిలోని కత్తెర అతనికి గుచ్చుకొని అతడు మరణించాడు. ఆ రాత్రి అరెస్టయినది మెక్‌డొనాల్డ్ ఒక్కరే. రెండవ స్థాయి హత్య ఆరోపణ కింద కేసు నమోదైంది. నేరం రుజువైతే నలభై ఏళ్ల వరకు శిక్ష పడే అవకాశం ఉంది.

విచారణ మొదలయ్యే ముందు కొన్ని విషయాలు సాక్ష్యంగా పనికిరావని న్యాయస్థానం నిర్ణయించింది. మరణించిన వ్యక్తి ఒంటిమీద స్వస్తిక పచ్చబొట్టు ఉందన్న విషయం వాటిలో ఒకటి. 2012 మే 2న మెక్‌డొనాల్డ్ రెండవ స్థాయి నరహత్య అనే తగ్గించిన ఆరోపణకు నేరాన్ని అంగీకరించారు. జూన్ 4న 41 నెలల శిక్ష పడింది. శిక్షను పురుషుల జైళ్లలో అనుభవించారు. 2014 జనవరి 13న విడుదలయ్యారు.

సాహిత్య విద్యార్థికి ఇక్కడ గమనించవలసిన అంశం నేరాంగీకార ఒప్పందపు స్వభావం. అది శిక్షను తగ్గించే ఏర్పాటుగా కనిపిస్తుంది. కాని అందుకు ప్రతిగా నిందితురాలు ఒక కథను ఇచ్చివేయవలసి ఉంటుంది. మిన్నెసోటా చట్టం ప్రకారం రెండవ స్థాయి నరహత్యకు ప్రాతిపదిక నిందార్హమైన నిర్లక్ష్యం. ఎదుటివారి ప్రాణానికి ముప్పు ఉందని తెలిసీ తెగించడం. ఆ నేరాన్ని ఒప్పుకున్న క్షణంలో ఆత్మరక్షణ అనే వాదన చట్టపరంగా లేకుండా పోతుంది. భయం, గాయం, వెంటపడిన అడుగుల చప్పుడు రికార్డు నుంచి తొలగిపోయి ‘నిర్లక్ష్యం’ ఒక్కటే మిగులుతుంది. న్యాయస్థానంలో నిందితురాలు తన నోటితో తానే చెప్పే ఈ కథకు కర్త ఆమె కాదు. వాక్యాలు ఆమెవి, కథన దృష్టి చట్టానిది.

మెక్‌డొనాల్డ్ లేఖలను చదవవలసింది ఈ నేపథ్యంలోనే. చట్టం స్వాధీనం చేసుకున్న కథను తిరిగి తన దృష్టి నుంచి చెప్పుకొనే అవకాశం ఆమెకు లేఖలోనే దొరికింది.

4. లేఖ – సాక్ష్య రూపం

మెక్‌డొనాల్డ్ జైలు నుంచి రాసిన లేఖలను ఆమె విడుదల కోసం పనిచేసిన సంఘీభావ బృందం ఎప్పటికప్పుడు ప్రచురించింది. వాటిలో కొన్నింటిని ఒమిసెయెకె నటాషా టిన్స్‌లీ సంకలించగా, ట్రాన్స్‌జెండర్ అధ్యయనాల త్రైమాసిక పత్రిక 2017లో వెలువరించింది. సహజమని సమాజం చెప్పే స్వభావాన్ని దాటి పోవడం అనే అర్థం వచ్చే శీర్షిక ఆ సంకలనానికి ఉంది. ‘సహజం’ అనే మాట ట్రాన్స్ వ్యక్తిని అసహజమని ముద్ర వేయడానికీ, పేదల్లో, నల్లజాతి వారిలో నేరం పుట్టుకతో వస్తుందని చెప్పడానికీ ఉపయోగపడింది. ఆ రెండు ముద్రలనూ ఒకే శీర్షిక ప్రశ్నిస్తున్నది.

లేఖా ప్రక్రియకు ఉన్న సంప్రదాయ లక్షణాలు ఈ రచనల్లో కొత్త పని చేస్తాయి. మొదటిది సంబోధన. జైలు ఖైదీని సంఖ్యగా మారుస్తుంది. ఆమె విషయంలో అధికార పత్రాలు ఆమె ఎంచుకున్న పేరును సైతం పక్కన పెట్టాయి. లేఖకు మాత్రం రాసేవారి పేరు, అందుకొనేవారి పేరు తప్పనిసరి. అందువల్ల ప్రతి లేఖ చివర చేసిన సంతకం వ్యవస్థ తీసేసుకున్న పేరును తిరిగి రాయడమే అవుతుంది.

రెండవది కృతజ్ఞత. బయటినుంచి ఉత్తరాలు, పుస్తకాలు పంపినవారికి ధన్యవాదాలు చెప్పడం ఈ లేఖల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. పైపై చదువుకు ఇది మర్యాదగా మాత్రమే తోస్తుంది. ఒంటరితనాన్నే శిక్షగా విధించే చోటు నుంచి రాసినప్పుడు సంబంధాలను పేరుపేరునా లెక్కపెట్టుకోవడానికి వేరే విలువ ఉంది. నిర్మూలన ఉద్యమ సాహిత్యం ‘సమాజమే రక్షణ’ అని సిద్ధాంతంగా చెప్పే మాటను ఈ ధన్యవాదాల జాబితాలు అనుభవంగా చెబుతాయి. పోలీసు చేయని పనిని స్నేహితులు చేశారన్నది వాటి సారం.

మూడవది విస్తరణ. సొంత కేసుతో మొదలైన ఆలోచన ఇతర ట్రాన్స్ మహిళల హత్యల మీదికి, నల్లజాతి యువకుల మీద జరిగే హింస మీదికి, జైలులోని తోటివారి మీదికి వెళుతుంది. ‘నేను’ నుంచి ‘మేము’కు జరిగే ఈ ప్రయాణం దక్షిణ అమెరికా సాక్ష్య సాహిత్యంలోనూ, భారతదేశపు దళిత ఆత్మకథల్లోనూ కనిపించేదే. కాని ఇక్కడ ‘మేము’లో చేరేవారు ఎవరన్నది కీలకం. అందులో నిర్దోషులతో పాటు నేరం చేసినవారు కూడా ఉన్నారు.

ఈ లేఖలకు పరిమితులూ ఉన్నాయి. జైలు నుంచి వచ్చే ప్రతి ఉత్తరం అధికారుల కంటపడుతుంది. కాబట్టి చెప్పని విషయాలు ఎన్నో ఉండి తీరతాయి. ప్రచురించినది విడుదల ఉద్యమ బృందం. కనుక ధైర్యం, ఆశ ముందుకు రావడం, నిరాశ వెనక్కి తగ్గడం సహజం. 2016లో జాక్ గేర్స్ దర్శకత్వంలో, నటి లవెర్న్ కాక్స్ నిర్మాతగా వచ్చిన ‘ఫ్రీ సీసీ’ డాక్యుమెంటరీ ఆమె కథను విశాల ప్రేక్షకుల ముందుంచింది. దాంతో ఒక వ్యక్తిని ఉద్యమ చిహ్నంగా నిలబెట్టడంలోని ఇబ్బంది కూడా ఎదురైంది. చిహ్నంగా మారిన మనిషి అలసిపోయే హక్కును కోల్పోతారు. లేఖల్లో రోజువారీ విసుగు, ఒంటరితనం, సరైన మోతాదులో హార్మోన్ మందుల కోసం పడిన తంటా కనిపించే చోట్లు ఈ చిహ్నాన్ని తిరిగి మనిషిని చేస్తాయి. విమర్శకుడు ఆ చోట్ల ఎక్కువ సేపు ఆగవలసి ఉంది.

5. వేరే జైలు వద్దన్న వాదం

ట్రాన్స్ మహిళను పురుషుల జైలులో ఉంచడం అన్యాయమన్నది ఈ కేసులో చాలామంది వెంటనే పట్టుకున్న అంశం. అమెరికా సుప్రీంకోర్టు 1994లోనే డీ ఫార్మర్ అనే ట్రాన్స్ ఖైదీ కేసులో, ఖైదీకి పొంచి ఉన్న తీవ్రమైన ప్రమాదాన్ని తెలిసీ పట్టించుకోని అధికారులు రాజ్యాంగ బాధ్యత నుంచి తప్పించుకోలేరని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా మెక్‌డొనాల్డ్‌ను పురుషుల జైలుకే పంపారు. ఆమెను స్త్రీల జైలుకు మార్చాలన్న డిమాండ్ సహజంగానే వచ్చింది.

విడుదలైన కొద్ది వారాలకు ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో ఆమె ఈ విషయంపై ఊహించని సమాధానం ఇచ్చారు. జైలు ఎవరికీ భద్రమైన చోటు కాదని, స్త్రీల జైలులోనూ స్త్రీలు హింసకు గురవుతూనే ఉన్నారని, అసలు సమస్య ఏ జైలన్నది కాదని ఆమె వైఖరి. ఈ వైఖరి వెనుక ఉన్న తర్కం జాగ్రత్తగా చూడదగినది. వేరే జైలును కోరడమంటే జైలులో ఉండవలసినవారు ఉన్నారనీ, తాను తప్పు గదిలో పడ్డాననీ ఒప్పుకోవడం. భద్రత పేరుతో ట్రాన్స్ ఖైదీలను తరచు ఏకాంత నిర్బంధంలో పెడతారు. అంటే ప్రమాదంలో ఉన్న మనిషికే అదనపు శిక్ష పడుతుంది. ‘రక్షణ’, ‘శిక్ష’ ఒకే గది రూపంలో ఎదురయ్యే ఈ అనుభవమే వ్యవస్థను మెరుగుపరచాలనే కోరిక నుంచి దాని అవసరాన్నే ప్రశ్నించే స్థితికి నడిపించిందని చెప్పవచ్చు.

ఈ ఆలోచన ఆమెతో మొదలైనది కాదు. 1970లో మార్షా పి. జాన్సన్‌తో కలిసి ‘స్టార్’ సంస్థను ప్రారంభించిన సిల్వియా రివెరా, 1973లో న్యూయార్క్‌లో జరిగిన సభలో వేదికనెక్కినప్పుడు సొంత ఉద్యమ శ్రోతలే ఆమెను గేలి చేశారు. జైళ్లలో మగ్గుతున్న స్వలింగ ప్రేమికులను, ట్రాన్స్ వ్యక్తులను మధ్యతరగతి ఉద్యమం మరచిపోయిందని, వారు ఉత్తరాలు రాస్తున్నది తమకేనని ఆమె అన్నారు. నలభై ఏళ్ల తర్వాత మెక్‌డొనాల్డ్ లేఖలకు దొరికిన చదువరులు రివెరా ఆనాడు వెతికిన చదువరులే. మిస్ మేజర్ గ్రిఫిన్-గ్రేసీ న్యూయార్క్ రాష్ట్రంలోని డానెమోరా జైలులో, 1971 నాటి అటికా జైలు తిరుగుబాటులో నాయకత్వం వహించిన ఫ్రాంక్ ‘బిగ్ బ్లాక్’ స్మిత్‌ను కలుసుకొని రాజకీయ చైతన్యం పొందారు. తర్వాతి కాలంలో శాన్ ఫ్రాన్సిస్కోలో ట్రాన్స్ ఖైదీల కోసం పనిచేసే సంస్థకు సారథ్యం వహించారు. 2011లో ఎరిక్ స్టాన్లీ, నాట్ స్మిత్ సంపాదకత్వంలో వచ్చిన ‘క్యాప్టివ్ జెండర్స్’ సంకలనం ఈ పరంపరకు సైద్ధాంతిక రూపం ఇచ్చింది. 2015 నాటి విస్తృత ప్రతికి మెక్‌డొనాల్డ్ ముందుమాట రాశారు. లెస్లీ ఫైన్‌బర్గ్ తన నవల ‘స్టోన్ బుచ్ బ్లూస్’ ఇరవయ్యేళ్ల ప్రతిని మెక్‌డొనాల్డ్‌కు అంకితమిచ్చారు. ఇలా ఖైదీ రాసిన ఉత్తరం సాహిత్య పరంపరలోకి ప్రవేశించింది.

6. శిక్ష అడగకపోతే న్యాయం ఏది?

ఈ వైఖరికి బలమైన అభ్యంతరం ఉంది. హింసకు గురైనవారు న్యాయం కోరతారు. ట్రాన్స్ మహిళలను చంపినవారికి శిక్ష పడకపోవడమే ఇంతకాలం ఉన్న అన్యాయం. అటువంటప్పుడు శిక్షే వద్దనడం దోషులకు మేలు చేయదా? చట్టం ముందు సమానత్వం ఇంకా దక్కనివారిని ఆ సమానత్వాన్ని వదులుకోమనడం కాదా?

ఈ అభ్యంతరాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. అమెరికాలో 2009లో వచ్చిన విద్వేష నేరాల నివారణ చట్టం ట్రాన్స్ గుర్తింపును కూడా చేర్చింది. చాలామంది దాన్ని విజయంగా భావించారు. వారి సంతోషం వెనుక ఎన్నో మరణాల దుఃఖం ఉంది. అదే సంవత్సరం, రివెరా పేరిట న్యూయార్క్‌లో ఏర్పడిన న్యాయ సహాయ సంస్థ, రాష్ట్ర బిల్లులోని విద్వేష నేరాల శిక్ష పెంపు భాగాన్ని బలపరచడానికి నిరాకరించింది. శిక్షలు పెంచే ప్రతి చట్టాన్ని అమలుచేసేది పోలీసులు, ప్రాసిక్యూటర్లే కాబట్టి, దాని బరువు చివరికి పేద, నల్లజాతి ట్రాన్స్ వ్యక్తుల మీదే పడుతుందన్నది ఆ సంస్థ వాదం. మెక్‌డొనాల్డ్ కేసు ఆ భయానికి ఉదాహరణ వంటిది. విద్వేషంతో మొదలైన దాడిలో తనను తాను కాపాడుకున్న మనిషినే చట్టం మొదట పట్టుకుంది.

లేఖలు ఈ అభ్యంతరానికి పూర్తి సమాధానం ఇస్తాయని చెప్పలేము. జైలు లేని చోట దాడి చేసినవాడిని ఏం చేయాలి, ఆ రాత్రి ఎవరిని పిలవాలి అనే ప్రశ్నలకు నిర్దిష్టమైన ప్రణాళిక వాటిలో ఆశించరాదు. మరణించిన వ్యక్తి కుటుంబ దుఃఖానికి ఈ కథనంలో దొరికే చోటు కూడా స్వల్పమే. అయితే సాక్ష్య సాహిత్యం చేయగల పని చట్టం చేసే పనికి భిన్నమైనది. ఈ లేఖలు సమాధానం కంటే ముందు ఒక క్రమాన్ని మార్చాయి. ‘దోషికి ఎంత శిక్ష?’ అనే ప్రశ్నకు ముందు ‘హింసకు గురైనవారికి ఏం కావాలి?’ అనే ప్రశ్నను నిలబెట్టాయి. వైద్యం, ఇల్లు, భయం లేని వీధి, తన మాట నమ్మే మనుషులు అన్నవి ఆ జాబితాలో వచ్చాయి. నలభై ఒక్క నెలల శిక్ష వీటిలో ఏ ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు. మరణించిన వ్యక్తి ఆత్మీయులకు కూడా ఇవ్వలేదు.

7. తెలుగు చదువరికి ఎదురయ్యే ప్రశ్నలు

మినియాపొలిస్ వీధిలో జరిగిన ఘటన తెలుగు నేలకు దూరంగా కనిపించవచ్చు. కాని వీధిలో కనిపించడమే నేరంగా మారడం ఇక్కడి చరిత్రలోనూ ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం రెండవ భాగం హిజ్రాలను నమోదు చేసి నిఘా కింద ఉంచింది. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫస్లీ, అంటే 1919లో అటువంటి చట్టమే వచ్చింది. స్త్రీ దుస్తులు, ఆభరణాలు ధరించి వీధిలో కనిపించినా, బహిరంగంగా పాడినా, ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చునని, రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చునని అది చెప్పింది. రాజ్యం పోయినా, రాష్ట్రాలు మారినా ఆ చట్టం పుస్తకాల్లో మిగిలింది. వైజయంతి వసంత మొగ్లి తదితరుల పిటిషన్ల మీద 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ట్రాన్స్ వ్యక్తికీ జైలుకూ మధ్య ఉన్న సంబంధం హైదరాబాద్‌లో నూరేళ్ల పాటు లిఖితరూపంలో ఉన్నదే.

సాహిత్యంలో ఈ చరిత్రకు తెలుగులో దొరికే ముఖ్యమైన ఆధారం అనువాదం. ఎ. రేవతి తమిళ రాతప్రతి నుంచి వి. గీత ఆంగ్లంలోకి తెచ్చిన ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం లభించింది. రేవతి కథనంలో పోలీసుల చేతుల్లో అనుభవించిన అవమానం, దెబ్బలు వస్తాయి. ఫిర్యాదు చేయవలసిన చోటే హింస జరిగే చోటు కావడం అక్కడా కనిపిస్తుంది. ఈ ఆత్మకథ మీద వచ్చే పరిశీలనలు కుటుంబం, దేహం, గుర్తింపు అనే అంశాల చుట్టూ ఎక్కువగా తిరుగుతాయి. మెక్‌డొనాల్డ్ లేఖల పక్కన పెట్టి చదివినప్పుడు అందులోని పోలీసు స్టేషన్ ఘట్టాలు కథకు నేపథ్యంగా కాక కేంద్రంగా కనిపిస్తాయి. రేవతి నిర్మూలనవాది అని ఇక్కడ చెప్పడం లేదు. శిక్షించే వ్యవస్థ గురించి ఆ ఆత్మకథ సాక్ష్యమిస్తున్నదని, విమర్శ ఆ సాక్ష్యాన్ని వినవలసి ఉందని మాత్రమే ప్రతిపాదన.

శిక్ష ప్రశ్న ఇక్కడ మరో రూపంలో ఎదురైంది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 18వ సెక్షన్, ట్రాన్స్ వ్యక్తిపై లైంగిక హింసతో సహా పలు నేరాలకు ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్షను నిర్ణయించింది. స్త్రీపై అత్యాచారానికి చట్టం విధించే కనీస శిక్ష పదేళ్లు. ఒకే హింసకు రెండు తూకాలు ఉండటాన్ని ట్రాన్స్ ఉద్యమకారులు తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనది. శిక్ష కాలం దేహం విలువకు కొలతగా మారిన సమాజంలో తక్కువ శిక్ష అంటే తక్కువ మనిషి అని అర్థం. అయితే సమాన శిక్ష సాధించాక కూడా ఫిర్యాదు తీసుకొనేది అదే స్టేషన్. ఈ రెండు సత్యాలను కలిపి పట్టుకోవడం కష్టం. మెక్‌డొనాల్డ్ లేఖలు ఆ కష్టాన్ని తొలగించవు. వాటిలో ఒకదాన్ని మరచిపోవడానికి మాత్రం ఒప్పుకోవు.

ఇంకొక చిన్న భాషా విషయం. సంస్కృతంలో ‘శిక్ష’ అంటే నేర్పడం. తెలుగులో అది దండనగా స్థిరపడి, నేర్పడం అనే అర్థం ‘శిక్షణ’కు మిగిలింది. మెక్‌డొనాల్డ్‌ను ఉంచిన జైలు అధికారిక నామంలో ‘దిద్దుబాటు’ను సూచించే పదం ఉంది. దండనను దిద్దుబాటుగా పిలవడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. దిద్దవలసినది ఆమెనా, ఆమెను ఆ రాత్రి వీధిలో చుట్టుముట్టిన ద్వేషాన్నా అన్నది ఆ పేరు దాచిన ప్రశ్న.

8. ముగింపు

సీసీ మెక్‌డొనాల్డ్ లేఖలు జైలు సాహిత్యపు రెండు అలవాట్లను ప్రశ్నించాయి. బాధితురాలు మచ్చలేనిదై ఉండాలన్న అలవాటు మొదటిది. ఖైదీ రచయిత తోటి ఖైదీలకు భిన్నుడై ఉండాలన్న అలవాటు రెండవది. నేరాంగీకారం ద్వారా చట్టం తీసుకున్న కథను ఆమె లేఖా రూపంలో తిరిగి చెప్పారు. ఆ కథను తన విడుదలకు పరిమితం చేయక అందరి విడుదల ప్రశ్నగా విస్తరించారు. ప్రత్యామ్నాయం గురించి ఈ రచనల్లో స్పష్టత తక్కువ, మధ్యవర్తుల ముద్ర ఎక్కువ. ఆ పరిమితులను గుర్తిస్తూనే, ట్రాన్స్ ఉద్యమానికీ కారాగార నిర్మూలన ఆలోచనకూ మధ్య ఉన్న బంధాన్ని సిద్ధాంతం కంటే ముందు అనుభవంగా నమోదు చేసిన పాఠాలుగా వీటిని గుర్తించాలి.

తెలుగు జైలు సాహిత్య విమర్శ ఇకముందు రాజకీయ ఖైదీ రచనలతో పాటు ‘సాధారణ’ ఖైదీ మాటను కూడా సేకరించి, చదివి, అంచనా వేయవలసి ఉంది. ఆళ్వారుస్వామి కథల్లో ఇతరుల కలం ద్వారా కనిపించిన ఆ మనిషి సొంతంగా ఉత్తరం రాస్తే దాన్ని సాహిత్యంగా స్వీకరించే కొలమానాలు సిద్ధంగా ఉన్నాయా అన్నది పరిశోధకులు వేసుకోవలసిన ప్రశ్న.